ఆర్థిక పత్రాలకు అధికారిక అనువాదం చేయించుకోవడం ఎలా

ఒక భాషలో ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటునో, పన్ను రిటర్నునో, ఆడిట్ నివేదికనో మరో భాషలో పనిచేసే కార్యాలయానికి సమర్పించవలసి వచ్చినప్పుడు, చాలామంది అనువాదాన్ని ఆఖరి రోజున తెమిల్చుకోదగిన చిన్న పనిగా భావిస్తారు. కానీ దరఖాస్తును పరిశీలించే అధికారికి మూలపత్రం చదవడం రాదు. ఆయన నిర్ణయం తీసుకునేది అనువాదాన్ని చూసే. వీసా కావచ్చు, విశ్వవిద్యాలయంలో ప్రవేశం కావచ్చు, విదేశంలో గృహరుణం, సంస్థ నమోదు, టెండరు, వారసత్వపు వ్యాజ్యం, ఏదైనా కావచ్చు, అనువాదంలో ఒక సున్నా జారిపోయినా, ఒక తేదీ తారుమారైనా దాని ఫలితం మీ మీదే పడుతుంది. అందువల్ల ఈ పనిని ఏ క్రమంలో చేయాలో, ఎక్కడ ఎక్కువ జాగ్రత్త అవసరమో ఇక్కడ వివరిస్తున్నాను. మొదటి నుంచి చివరి వరకు మీరు మనసులో ఉంచుకోవలసిన సూత్రం ఒక్కటే: అధికారిక అనువాదం మూలపత్రాన్ని మెరుగుపరచదు, సరిదిద్దదు, కుదించదు, అందులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా మరో భాషలో చూపుతుంది.

1. ముందుగా స్వీకరించే కార్యాలయాన్ని అడగండి

అనువాదకులను వెతకడానికి ముందే, పత్రాన్ని ఎవరికి ఇవ్వబోతున్నారో ఆ కార్యాలయం నిబంధనలను తెలుసుకోండి. ఏయే పత్రాలకు అనువాదం కావాలి, ఏ భాషలోకి కావాలి, ఎవరు చేసిన అనువాదాన్ని అంగీకరిస్తారు, అనువాదకుల ధ్రువీకరణ ఒక్కటే చాలా లేక నోటరీ కూడా కావాలా, మూలపత్రానికి అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా సంతకాన్ని, ముద్రను ధ్రువీకరించే పత్రం) అవసరమా, కాగితం మీదే ఇవ్వాలా లేక డిజిటల్ ప్రతి సరిపోతుందా అన్న ప్రశ్నలకు జవాబులు వీలైనంత వరకు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోనులో విన్న మాట రేపు మీ పక్షాన నిలబడదు.

ఈ ప్రశ్నలు ఎందుకంటే, "ధ్రువీకరించిన అనువాదం" అన్న మాటకు ఒక్కో దేశంలో ఒక్కో అర్థం ఉంది. అమెరికా వలస నిబంధనల ప్రకారం విదేశీ భాషలోని పత్రానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అది సంపూర్ణమూ ఖచ్చితమూ అని, ఆ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తమకు ఉందని అనువాదకులు ధ్రువీకరించాలి. అక్కడ ప్రభుత్వ లైసెన్సు ఉన్న అనువాదకులే చేయాలన్న నియమం లేదు. బ్రిటన్ వీసా అధికారులు అనువాదకుల పూర్తి పేరు, సంతకం, తేదీ, సంప్రదింపు వివరాలు కావాలంటారు. ఆస్ట్రేలియాలో చేయించే అనువాదాలకు నాటీ అనే జాతీయ సంస్థ గుర్తింపు ఉన్న అనువాదకులు కావాలి. కెనడా వలస శాఖ దరఖాస్తుదారుల కుటుంబ సభ్యులు చేసిన అనువాదాన్ని అంగీకరించదు. గుర్తింపు లేని అనువాదకులైతే ప్రమాణపత్రం (అఫిడవిట్) కూడా జతచేయాలి. జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్ వంటి దేశాలలో న్యాయస్థానం గానీ ప్రభుత్వ శాఖ గానీ నియమించిన, ప్రమాణం చేసిన అనువాదకుల వ్యవస్థ వేరుగా ఉంటుంది, అధికారిక పనులకు వారి ముద్ర ఉన్న ప్రతినే సాధారణంగా అడుగుతారు. ఒక దేశానికి చక్కగా సరిపోయిన అనువాదాన్ని అలాగే మరో దేశానికి పంపితే తిరిగి రావడానికి కారణం ఇదే.

ఇదే దశలో మరొక విషయం కూడా కనుక్కోండి. అసలు అనువాదమే అవసరం లేకుండా పని జరిగే అవకాశం ఉందేమో మీ బ్యాంకును, యజమానిని, పన్ను శాఖను అడిగి చూడండి. అనేక బ్యాంకులు కోరితే ఇంగ్లీషులోనో రెండు భాషలలోనో స్టేట్‌మెంటు, నిల్వ ధ్రువపత్రం ఇస్తాయి. పత్రాన్ని జారీ చేసిన సంస్థే స్వయంగా మరో భాషలో ఇచ్చిన ప్రతి ఎంత మంచి అనువాదం కన్నా బలమైనది, ఎందుకంటే అది అనువాదం కాదు, మరొక మూలపత్రం. ఖర్చు, సమయం కూడా మిగులుతాయి కనుక ఈ అవకాశాన్ని పరిశీలించకుండా తరువాతి అడుగు వేయవద్దని నా సలహా.

2. మూలపత్రాన్ని పూర్తిగా, సరైన సమయంలో సిద్ధం చేసుకోండి

కొన్ని పత్రాలకు కాలపరిమితి ఉంటుంది. ఉదాహరణకు బ్రిటన్ విద్యార్థి వీసాకు అవసరమైన సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ 28 రోజుల గడువు ముగిసిన తేదీ దరఖాస్తు తేదీకి 31 రోజులకు మించి ముందు ఉండకూడదు. ఇటువంటి సందర్భాలలో స్టేట్‌మెంటు తీసిన రోజు నుంచే గడియారం నడుస్తుంది. అనువాదానికి పట్టే రోజులను, ధ్రువీకరణకు పట్టే రోజులను ముందే లెక్కించుకుని, ఆ తరువాతే స్టేట్‌మెంటు తీయించండి. దీనికి భిన్నంగా పాత పన్ను రిటర్నులు, ముగిసిన సంవత్సరపు ఆడిట్ నివేదికలు ఇక మారేవి కావు కనుక, వాటిని తొందరగా ఇచ్చేసి చివరి రోజుల ఒత్తిడిని తగ్గించుకోవచ్చు.

పత్రాన్ని ఇచ్చేటప్పుడు అన్ని పేజీలూ ఇవ్వండి. వెనక పేజీలో చిన్న అక్షరాల షరతులు, ఆడిట్ నివేదిక చివర ఉండే వివరణలు, ముద్రలు, చేతిరాతతో చేర్చిన గమనికలు, పేజీ అడుగున ఉన్న వరుస సంఖ్యలు, ఇవన్నీ పత్రంలో భాగమే. ఏదైనా భాగానికి అనువాదం అక్కర్లేదని మీరు అనుకుంటే ఆ నిర్ణయం మీది గానీ అనువాదకులది గానీ కాకూడదు. స్వీకరించే కార్యాలయం సారాంశ అనువాదాన్ని అంగీకరిస్తామని చెప్పినప్పుడే కుదించండి. అప్పుడు కూడా అది సారాంశమని, ఏ పేజీలు వదిలారో అనువాదంలో స్పష్టంగా రాయించండి. వందల పేజీల వార్షిక నివేదిక విషయంలో ఈ అనుమతి అడగడం సబబే.

స్కాన్ చేస్తే అంకెలు చెదరకుండా కనీసం 300 డీపీఐ స్పష్టతతో చేయండి. ఫోను కెమెరాతో వంకరగా తీసిన చిత్రంలో 3కూ 8కీ, 1కీ 7కూ తేడా తెలియని పరిస్థితి వస్తుంది. మాటల్లో ఇలాంటి తప్పు దొర్లితే సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు గాని, ఖాతా సంఖ్యలో ఊహించడానికి వీలుండదు. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను ముద్రించి మళ్ళీ స్కాన్ చేయవద్దు. అలా చేస్తే ఆ సంతకాన్ని సరిచూసే అవకాశమే పోతుంది. మూల ఫైలును అలాగే పంపండి. డిజిటల్ సంతకం వివరాలను కూడా అనువాదంలో చేర్చమని చెప్పండి.

అపోస్టిల్ అవసరమైతే దాని క్రమం ఇక్కడే తేల్చుకోవాలి. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కింద జారీ అయ్యే ఈ ధ్రువపత్రం పత్రం మీది సంతకం, సంతకం చేసినవారి హోదా, ముద్ర నిజమైనవని మాత్రమే చెబుతుంది. లోపలి అంకెలు నిజమా కాదా అన్నది దాని పరిధిలోకి రాదు. అది ప్రభుత్వ పత్రాలకు, నోటరీ పత్రాలకు వర్తిస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటు మామూలుగా ప్రైవేటు పత్రం కనుక, ముందు నోటరీ ధ్రువీకరణ చేయించి, ఆ ధ్రువీకరణకు అపోస్టిల్ తీసుకోవలసి వస్తుంది. వాణిజ్య, కస్టమ్స్ లావాదేవీలకు నేరుగా సంబంధించిన పాలనాపరమైన పత్రాలను ఆ ఒప్పందం తన పరిధి నుంచి మినహాయించింది. ఈ ఒప్పందం చైనాలో 2023 నవంబరు 7 నుంచి, కెనడాలో 2024 జనవరి 11 నుంచి అమలులోకి వచ్చింది. అందువల్ల ఈ దేశాల గురించి అంతకు ముందు రాసిన సూచనలు ఇప్పుడు పనికిరావు. సాధారణంగా మూలపత్రానికి అపోస్టిల్ వేయించిన తరువాతే అనువాదానికి ఇవ్వడం మేలు, ఎందుకంటే అప్పుడు అపోస్టిల్ పేజీ కూడా అనువాదంలో చేరుతుంది. క్రమం తిరగబడితే అదే పనికి రెండోసారి డబ్బు కట్టవలసి వస్తుంది.

3. అనువాదకులను ఎంచుకోండి

భాష బాగా వచ్చినంత మాత్రాన ఆర్థిక పత్రం అనువదించడం రాదు. రెండు భాషల్లోనూ లెక్కల పుస్తకాల పదజాలం తెలిసి, రెండు దేశాల పద్ధతుల మధ్య తేడా గుర్తించగలవారు కావాలి. మీరు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇదే రకం పత్రాన్ని, ఇదే రకం కార్యాలయం కోసం ఇంతకు ముందు చేశారా? ధ్రువీకరణ పత్రం నమూనా చూపగలరా? అనువాదాన్ని రెండో వ్యక్తి సరిచూస్తారా? అనువాద సేవలకు సంబంధించి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) రూపొందించిన 17100 ప్రమాణం అనువదించినవారు కాక మరొకరు మూలంతో పోల్చి సవరించడాన్ని తప్పనిసరి చేస్తుంది. అంకెలతో నిండిన పత్రానికి ఈ రెండో జత కళ్ళు చాలా విలువైనవి. ధర పదాల లెక్కనా, పేజీల లెక్కనా, అంకెల పట్టికలను ఎలా లెక్కిస్తారు, ధ్రువీకరణకు విడిగా తీసుకుంటారా అన్నది కూడా ముందే రాయించుకోండి.

మీకు రెండు భాషలూ వచ్చినా మీ పత్రాన్ని మీరే అనువదించుకోవద్దు, మీ లబ్ధితో సంబంధం ఉన్న బంధువులతో చేయించవద్దు. నియమం నిషేధించని చోట కూడా అది అనుమానానికి తావిస్తుంది.

గోప్యత గురించి మొహమాటపడకండి. ఆర్థిక పత్రంలో ఖాతా సంఖ్య, చిరునామా, పన్ను గుర్తింపు సంఖ్య, జీతం, ఎవరెవరికి ఎంత చెల్లించారన్న వివరం అన్నీ ఒకే చోట ఉంటాయి. ఫైలును సంకేతపదంతో భద్రపరచి పంపండి, ఆ సంకేతపదాన్ని వేరే మార్గంలో తెలపండి, పని ముగిశాక ప్రతులను ఎంతకాలం ఉంచుతారో అడగండి. ఎవరైనా ఈ పత్రాలను ఉచిత ఆన్‌లైన్ యంత్రానువాద సాధనాలలోకి ఎక్కిస్తే ఆ వివరాలు ఎక్కడ నిలవ ఉంటాయో మీకు తెలిసే మార్గం లేదు. అందువల్ల యంత్రానువాదం వాడతారా, వాడితే ఏ రక్షణతో వాడతారు అని తిన్నగా అడగండి. యంత్రం ముసాయిదా తయారుచేసినా బాధ్యత వహించి సంతకం చేయవలసినది మనిషే. వివరాలు దాచాలని ఖాతా సంఖ్యలను నల్లగా కొట్టివేసి ఇవ్వాలనిపిస్తుంది గాని, అలా మరుగుపరచిన పత్రాన్ని చాలా కార్యాలయాలు ఒప్పుకోవు కనుక అనుమతి లేకుండా అలా చేయకండి.

4. అనువాదకులకు ఒక వివరణ పత్రం ఇవ్వండి

ఒక పేజీ చాలు. మీ పేరు, కుటుంబ సభ్యుల పేర్లు, సంస్థ పేరు పాస్‌పోర్టులోనూ నమోదు పత్రాలలోనూ ఏ అక్షరక్రమంతో ఉన్నాయో అందులో రాయండి. లిపి మారినప్పుడు ఒకే పేరును నాలుగు విధాలుగా రాయవచ్చు. మూడు పత్రాలలో మూడు విధాలుగా కనిపిస్తే అవి ముగ్గురు వేర్వేరు వ్యక్తులవని అధికారి అనుకున్నా తప్పుపట్టలేం. మూలపత్రంలోనే పేరు పాస్‌పోర్టుకు భిన్నంగా ఉంటే దాన్ని అనువాదంలో చప్పుడు చేయకుండా దిద్దకూడదు. మూలంలో ఉన్నట్టే ఉంచి, అవసరమైతే రెండు పేర్లూ ఒకరివేనని తెలిపే ప్రమాణపత్రం మీరు విడిగా ఇవ్వాలి. ఇంతకు ముందు ఇదే కార్యాలయానికి అనువాదాలు ఇచ్చి ఉంటే వాటి ప్రతులు కూడా జతచేయండి. గత సంవత్సరం ఒక పద్దును ఒక పేరుతో, ఈ సంవత్సరం మరో పేరుతో పిలిస్తే అది వేరే పద్దు అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

5. అంకెలు, తేదీలు, కరెన్సీ విషయంలో మీరే కాపలా ఉండండి

ఆర్థిక పత్రంలో మాటలకన్నా అంకెలే ఎక్కువ, అయినా "అంకెలకు అనువాదమేముంది" అన్న భావంతో వాటిని చూడకుండా వదిలేస్తారు. అంకెలు రాసే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. మనం 12,34,567.89 అని రాసే సంఖ్యను ఇంగ్లీషు దేశాలలో 1,234,567.89 అని, జర్మనీలో 1.234.567,89 అని, ఫ్రాన్సులో 1 234 567,89 అని రాస్తారు. అంటే జర్మన్ పత్రంలో 1.234 అని కనిపిస్తే అది వెయ్యిన్ని రెండు వందల ముప్ఫై నాలుగు, ఒకటింబావుకు దగ్గరి దశాంశం కాదు. అనువాదంలో కామాలు, చుక్కల స్థానాన్ని లక్ష్యభాష (ఏ భాషలోకి అనువదిస్తున్నారో ఆ భాష) పద్ధతికి మార్చవచ్చు, లేదా మూలంలో ఉన్నట్టే ఉంచవచ్చు. ఏది ఎంచుకున్నా పత్రమంతటా ఒకే పద్ధతి పాటించి, మొదటి పేజీలో అనువాదకుల గమనికగా ఆ మాట రాయించడం మంచిది. సగం పేజీలు ఒకలా, సగం మరోలా ఉన్న అనువాదాన్ని వెనక్కి ఇచ్చేయండి.

పెద్ద సంఖ్యల పేర్లు ఇంకా ప్రమాదకరమైనవి. జర్మన్‌లో "మిలియార్డె" అంటే వంద కోట్లు, "బిలియోన్" అంటే లక్ష కోట్లు. స్పానిష్ "బియోన్" కూడా లక్ష కోట్లే. కానీ ఇంగ్లీషు "బిలియన్" వంద కోట్లు మాత్రమే. బ్రిటన్ ప్రభుత్వం కూడా 1974లో ఈ చిన్న కొలతకే మారింది కనుక, అంతకు ముందటి బ్రిటిష్ పత్రాలలో ఆ మాట కనిపిస్తే సందర్భం చూసి తేల్చుకోవాలి. లక్ష, కోటి అన్న మాటలు తెలియని పాఠకులకు వాటిని మిలియన్లలోకి మార్చి చెప్పేటప్పుడు సున్నాలు లెక్కపెట్టండి: పది లక్షలు ఒక మిలియన్, ఒక కోటి పది మిలియన్లు. చైనీస్, జపనీస్ పత్రాలలో పెద్ద సంఖ్యలను పదివేలు, పది కోట్లు అన్న మెట్లతో లెక్కిస్తారు, అక్కడ పొరపాటుకు మరింత ఆస్కారం ఉంటుంది. పట్టిక తలమీద "వేలలో", "లక్షలలో", "మిలియన్లలో" అని ఉండే ఒక్క మాట అనువాదంలో తప్పిపోతే పట్టికలోని ప్రతి సంఖ్యా తప్పే అవుతుంది. నా దృష్టిలో పత్రం మొత్తంలో అన్నిటికన్నా ముందు సరిచూడవలసినది ఆ చిన్న అక్షరాల మాటే.

కుండలీకరణాలలో ఉన్న సంఖ్య లెక్కల పత్రాలలో ఋణ (మైనస్) సంఖ్య, అంటే నష్టం గానీ తగ్గింపు గానీ. టైపు చేసేవారికి ఈ సంగతి తెలియక కుండలీకరణాలు తీసేస్తే నష్టం లాభంగా మారిపోతుంది. అలాగే గీత పెట్టిన గడికి సున్నా అని అర్థం, ఖాళీ గడి వేరు. రెండింటినీ మూలంలో ఉన్నట్టే ఉంచాలి.

కరెన్సీని అనువాదంలో మార్చవద్దు. రూపాయలలో ఉన్న మొత్తాన్ని డాలర్లలో చూపిస్తే అది అనువాదం కాదు, కొత్త లెక్క. కార్యాలయం మార్పిడి అడిగితే దాన్ని వేరే కాగితం మీద, ఏ తేదీ రేటు, ఎవరు ప్రకటించిన రేటు అన్న వివరంతో ఇవ్వండి. డాలరు గుర్తు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్ వంటి అనేక దేశాల నాణేలకు ఉమ్మడిది. జపాన్ యెన్‌కూ చైనా యువాన్‌కూ వాడే గుర్తు కూడా ఒకటే. అందువల్ల ఐఎస్ఓ 4217 ప్రమాణంలో ఉన్న మూడక్షరాల కరెన్సీ సంకేతాన్ని గమనికగా చేర్చడం వల్ల సందేహం తీరుతుంది.

తేదీలలో 03/04/2023 అన్నది కొందరికి ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4. అనువాదంలో నెలను అక్షరాలలో రాయించండి. సొంత శకాలు వాడే దేశాల పత్రాలలో మరింత జాగ్రత్త కావాలి: జపాన్ పత్రంలో రేయివా 5వ సంవత్సరం, థాయ్ పత్రంలో 2566వ సంవత్సరం, రెండూ 2023నే సూచిస్తాయి. ఆర్థిక సంవత్సరం కూడా అంతటా ఒకటి కాదు. బ్రిటన్‌లో వ్యక్తుల పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది, ఆస్ట్రేలియాలో జూలై 1న. భారతదేశపు పాత రిటర్నులలో 2022-23 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన ఆదాయం 2023-24 మదింపు సంవత్సరం (అసెస్‌మెంట్ ఇయర్) కింద కనిపిస్తుంది. ఈ రెండు మాటలనూ ఒక్కటిగా "పన్ను సంవత్సరం" అని అనువదిస్తే మీరు ఒక ఏడాది ఆదాయం చూపనేలేదని అధికారి భావించవచ్చు. ఇటువంటి చోట మాటను యథాతథంగా ఉంచి, చదరపు కుండలీకరణాలలో అనువాదకుల వివరణ చేర్చించండి.

6. పదాల దగ్గర ఆగి చూడండి

మీకు లక్ష్యభాష కొంత వచ్చినా చాలు, ఈ కొన్ని మాటలను మీరే పరిశీలించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆడిటర్ అభిప్రాయం. ఇంగ్లీషు ఆడిట్ నివేదికలో "క్వాలిఫైడ్ ఒపీనియన్" అంటే అర్హత గల అభిప్రాయం కాదు. ఫలానా విషయం మినహా లెక్కలు సరిగా ఉన్నాయని ఆడిటర్ పెట్టిన షరతు. "అన్‌క్వాలిఫైడ్" అంటే ఆ షరతేదీ లేదని, అంటే మంచి మాటే. నిఘంటువు చూసి అనువదించినవారి చేతిలో ఈ రెండూ తలకిందులవుతాయి. వ్యతిరేక అభిప్రాయం, అభిప్రాయం ఇవ్వడానికి నిరాకరణ అన్నవి వీటికి భిన్నమైన మరో రెండు రకాలు. అనువాదంలో నాలుగూ నాలుగు వేర్వేరు మాటలుగా కనిపించాలి.

తరువాతి చిక్కు ఏర్పాట్లు (ప్రొవిజన్లు), రిజర్వుల మధ్య ఉంది. రాబోయే ఖర్చుకో నష్టానికో లాభం లెక్క తేలక ముందే తీసి ఉంచేది ఏర్పాటు, తేలిన లాభం నుంచి పక్కన పెట్టేది రిజర్వు. మొదటిది లాభాన్ని తగ్గిస్తుంది, రెండోది యజమానుల సొమ్ములో భాగంగానే ఉంటుంది. తెలుగులో "నిధి" అన్న మాటను రెండింటికీ వాడే అలవాటు ఉన్నందువల్ల, తెలుగు లెక్కలను అనువదించేటప్పుడు పద్దు ఎక్కడ ఉందో చూసి నిర్ణయించాలి. "స్టాక్" అన్న మాట బ్రిటిష్ లెక్కలలో సరుకు నిల్వ, అమెరికన్ వాడుకలో వాటా. స్థూల జీతం, నికర జీతం తారుమారైతే మీ రుణార్హత మారిపోతుంది.

బ్యాంకు స్టేట్‌మెంటులో క్రెడిట్ అంటే మీ ఖాతాలోకి వచ్చిన సొమ్ము. మీ సొంత పుస్తకాలలో అదే సొమ్ము బ్యాంకు ఖాతాకు డెబిట్‌గా కనిపిస్తుంది. అనువాదకులు ఎవరి పుస్తకం అనువదిస్తున్నారో గుర్తుంచుకోవాలి, కానీ మూలంలోని మాటను తమ అవగాహన ప్రకారం మార్చకూడదు. "ఆస్తి అప్పుల పట్టీ"ని అంతర్జాతీయ ప్రమాణాలు 2007 సవరణ నుంచి "ఆర్థిక స్థితి నివేదిక" అని పిలుస్తున్నాయి. మూలంలో పాత పేరు ఉంటే అనువాదంలోనూ పాత పేరే ఉండాలి. సంస్థ రూపం కూడా అంతే. ఒక దేశపు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని మరో దేశపు చట్టంలోని దగ్గరి రూపం పేరుతో పిలిస్తే దానికి లేని హక్కులు, బాధ్యతలు అంటగట్టినట్టవుతుంది. పేరును ఉచ్చారణ మారకుండా లక్ష్యభాష లిపిలో రాసి, రూపాన్ని వివరణగా ఇవ్వడమే సరైన పద్ధతి. పొడి అక్షరాల సంక్షిప్తాలను మాత్రం మొదటిసారి వచ్చిన చోట పూర్తిగా విప్పి రాయించండి.

7. ధ్రువీకరణలో ఏముండాలో చూసుకోండి

ముద్రలను, సంతకాలను, చదవలేని భాగాలను అనువాదకులు వదిలేయరు. "గుండ్రని నీలి ముద్ర", "సంతకం", "చదవడానికి వీలుకాలేదు" అని చదరపు కుండలీకరణాలలో రాస్తారు. అనువాదం అంతటా పేజీ సంఖ్యలు ఉండాలి, ప్రతి పేజీ మూలంలోని ఏ పేజీకి చెందినదో తెలియాలి. చివర జతచేసే ధ్రువీకరణలో ఏ పత్రాన్ని ఏ భాష నుంచి ఏ భాషలోకి అనువదించారు, అనువాదం సంపూర్ణం, ఖచ్చితం అన్న ప్రకటన, అనువాదకుల అర్హత, పేరు, సంతకం, తేదీ, సంప్రదింపు వివరాలు ఉంటే చాలా దేశాల కనీస అవసరాలు తీరుతాయి. మీరు మొదటి అడుగులో తెలుసుకున్న నిబంధనలను దీనితో పోల్చి చూసి, లోటు ఉంటే అప్పుడే అడగండి.

నోటరీ ముద్ర గురించి ఒక అపోహ విస్తృతంగా ఉంది. అనువాదం మీద నోటరీ ముద్ర ఉంటే అది సరైనదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు అనుకుంటారు. అనేక దేశాలలో నోటరీ సాక్ష్యమిచ్చేది సంతకం చేసిన వ్యక్తి ఎవరన్న దానికి మాత్రమే. అనువాదాన్ని ఆయన చదవరు, చాలాసార్లు ఆ భాష కూడా ఆయనకు రాదు. కార్యాలయం అడగకపోతే ఆ ఖర్చు అనవసరం, అడిగితే తప్పదు.

8. సరిచూసి, సమర్పించండి

సంతకం పడక ముందు ముసాయిదా అడిగి తీసుకోండి. ఇద్దరు కూర్చుని, ఒకరు మూలంలోని అంకెలను గట్టిగా చదువుతుండగా మరొకరు అనువాదంలో గుర్తు పెట్టుకుంటూ పోవడం పాత పద్ధతే అయినా దానికి మించినది నాకు తెలియదు. ఒక్కరే ఉంటే వరుసకింద స్కేలు పెట్టి చూడండి. ప్రతి పట్టికలో కూడికలు వేసి, మూలంలోని మొత్తంతో సరిపోతుందో లేదో చూడండి. ఐబ్యాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్య) పద్ధతిలో ఉన్న ఖాతా సంఖ్యలలో మొదటి రెండక్షరాల తరువాతి రెండు అంకెలు తప్పు పట్టుకోవడానికే పెట్టినవి కాబట్టి, టైపు పొరపాటు జరిగితే సరిచూసే సాధనంలో వెంటనే బయటపడుతుంది. మూలపత్రంలోనే కూడిక తప్పితే అనువాదంలో దాన్ని సరిచేయించకండి; తప్పు అలాగే ఉండి, పక్కన అనువాదకుల గమనిక ఉండాలి. మూలాన్ని దిద్దించవలసినది దాన్ని జారీ చేసిన సంస్థ చేతనే.

సమర్పించేటప్పుడు మూలం ప్రతి, దాని వెనుకనే అనువాదం, ఆ తరువాత ధ్రువీకరణ అన్న క్రమంలో ఒక్కో పత్రాన్ని ఒక్కో కట్టగా పెట్టండి. ప్రమాణం చేసిన అనువాదకులు మూలం ప్రతితో కలిపి కుట్టి, అతుకు మీద ముద్ర వేసి ఇచ్చిన కట్టను స్కానింగ్ కోసం ఎంతమాత్రం విప్పవద్దు. విప్పిన కట్టకు విలువ పోవచ్చు. ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు ఫైలు పేర్లలో పత్రం పేరు, సంవత్సరం, మూలమో అనువాదమో తెలిసేలా రాయండి. అన్నిటి ప్రతులూ, కార్యాలయంతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలూ దరఖాస్తు ఫలితం వచ్చేదాకానే కాక అప్పీలు గడువు ముగిసేదాకా భద్రపరచండి.

సంతకం అయిన తరువాత ఎక్కడైనా పొరపాటు కనిపిస్తే, అది ఒక్క అక్షరమే అయినా, కలంతో దిద్దకండి. అనువాదకులకు తెలిపి, సరిచేసిన పూర్తి ప్రతిని కొత్త తేదీతో, కొత్త ధ్రువీకరణతో తీసుకోండి. అప్పటికే పాత ప్రతి కార్యాలయానికి చేరి ఉంటే, ఏ పేజీలో ఏ వరుసలో ఏది మారిందో చెప్పే చిన్న లేఖతో కొత్త ప్రతిని మీ అంతట మీరే ముందుగా పంపండి.